ప్రాసెసర్ మూత తీస్తే వేడి ఎందుకు తగ్గుతుంది?

డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను చేతిలోకి తీసుకుంటే పైన మెరిసే పలక ప్రాసెసర్ కాదు, దాని మూత. రాగితో చేసి నికెల్ పూత పూసిన ఈ బిళ్ళ మీదే కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉంటాయి. లెక్కలు చేసే అసలు సిలికాన్ ముక్క, అంటే డై, దాని కింద దాగి ఉంటుంది. ఈ మూతకు హీట్ స్ప్రెడర్ అని పేరు. డైలో పుట్టే వేడిని నలువైపులా పరచి, పైన బిగించిన హీట్‌సింక్‌కు అందించడం దీని పని. ఈ మూతను ఊడదీసి, కింద ఉన్న పేస్ట్‌ను మార్చి మళ్ళీ అతికించడాన్ని డీలిడ్డింగ్ అంటారు. మూతను పూర్తిగా పక్కన పెట్టేసి హీట్‌సింక్‌ను నేరుగా డై మీదే ఆనించేవారూ ఉన్నారు. వేడిని బయటికి పంపడానికి పెట్టిన భాగాన్ని కదిలిస్తే వేడి తగ్గడమేమిటని వింతగా తోస్తుంది. కానీ చాలా ప్రాసెసర్లలో తగ్గుతుంది, కొన్నింట్లో ఇరవై డిగ్రీల దాకా. కారణం మాత్రం అన్నింట్లో ఒకటి కాదు. కొన్నింట్లో మూత తప్పేమీ లేదు, తప్పంతా మూత కింది సందుది. మరికొన్నింట్లో మూత కూడా కొంత అడ్డే.

వేడి నడిచే దారి

ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటపడుతుంది. ఇంటెల్ 2012 ఏప్రిల్‌లో విడుదల చేసిన కోర్ ఐ7-3770కె అందుకు మంచి ఉదాహరణ. దాని డై వైశాల్యం సుమారు 160 చదరపు మిల్లీమీటర్లు. అందులో 140 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. కంపెనీ లెక్క ప్రకారం అది వెలువరించే వేడి 77 వాట్లు. 77 వాట్లు అంటే ఒక పాతకాలపు బల్బు పాటి వేడే, పెద్దదేమీ కాదు. చిక్కల్లా అంత వేడీ ఆ చిన్న ముక్కలోంచే రావాలి. ఒక్కో చదరపు సెంటీమీటరు నుంచి 48 వాట్లు బయటికి పోవాలి. వేగం పెంచి నడిపితే, అంటే ఓవర్‌క్లాక్ చేస్తే, ఈ అంకె ఇంకా పెరుగుతుంది.

ఈ వేడి గాలిలో కలిసేలోపు వరసగా ఐదారు గడపలు దాటుతుంది. ముందు సిలికాన్ మందం, తర్వాత డైకీ మూతకీ మధ్య నింపిన పదార్థం, తర్వాత మూత, దాని పైన మళ్ళీ థర్మల్ పేస్ట్, ఆపైన హీట్‌సింక్, చివరికి ఫ్యాన్ తోసే గాలి. ప్రతి గడప దగ్గరా కొన్ని డిగ్రీలు పేరుకుంటాయి. అవన్నీ కలిపి, గది ఉష్ణోగ్రతకు చేరిస్తే డై ఉష్ణోగ్రత వస్తుంది. అందుకే యూరప్‌లో 22 డిగ్రీల గదిలో చేసిన పరీక్షలో 70 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని 40 డిగ్రీల గదిలో అదే పని చేస్తే 88 దగ్గర నిలబడుతుంది. విదేశీ సమీక్షల్లోని అంకెలను మన వేసవికి అలాగే అన్వయించుకోకూడదు.

గడపలన్నీ ఒకే ఎత్తులో ఉండవు. ఉష్ణవాహకతను కొలిచే ప్రమాణంలో రాగి విలువ దాదాపు 400. మామూలు ఉష్ణోగ్రత వద్ద సిలికాన్‌కు 150కి దగ్గర. ఇండియం అనే మెత్తటి లోహానికి 80 పైచిలుకు. థర్మల్ పేస్ట్‌లలో చాలా వాటికి మాత్రం ఒక అంకెలోనే ఉంటుంది. గాలి సంగతి చెప్పనే అక్కర్లేదు, 0.03 కూడా లేదు. పేస్ట్ ఉన్నది వేడిని గొప్పగా మోయడానికి కాదు. రెండు లోహపు ముఖాలు ఎంత నునుపుగా కనిపించినా వాటి మధ్య సూక్ష్మమైన గుంటలు మిగులుతాయి. వాటిలోని గాలిని తరిమేయడమే పేస్ట్ పని. కాబట్టి అది ఎంత పలచగా ఉంటే అంత మంచిది.

మూత ఎందుకు వచ్చింది

ఒకప్పుడు మూతల్లేని ప్రాసెసర్లే అమ్మేవారు. ఇంటెల్ పెంటియం 3లో కాపర్‌మైన్ రకం, ఏఎండీ 2000లో తెచ్చిన సాకెట్ ఎ అథ్లాన్, డ్యూరాన్ ప్రాసెసర్లలో డై పైకి కనిపిస్తూనే ఉండేది. హీట్‌సింక్‌ను గట్టి స్ప్రింగు క్లిప్పుతో, తరచూ స్క్రూడ్రైవర్‌తో నొక్కిపట్టి బిగించాల్సి వచ్చేది. నొక్కేటప్పుడు హీట్‌సింక్ కాస్త ఒక పక్కకు వాలితే బరువంతా డై మూలమీద పడేది. సిలికాన్ గాజులా పెళుసు, మూల విరిగిందంటే ప్రాసెసర్ చచ్చినట్టే. ఏఎండీ ప్రాసెసర్ల నాలుగు మూలలా అతికించిన మెత్తటి దిళ్ళు దీన్ని కొంత ఆపేవి. డై చుట్టూ అమర్చుకునే రాగి పలకలను విడిగా అమ్మినవారూ ఉన్నారు. 2000 చివర్లో వచ్చిన పెంటియం 4, 2003 నాటి అథ్లాన్ 64 మూతలతోనే వచ్చాయి. అప్పటినుంచి డెస్క్‌టాప్‌లో మూత మామూలైపోయింది.

కాబట్టి మూత ముందు రక్షణ కవచం, ఆ తర్వాతే వేడిని పంచే సాధనం. దుకాణంలో కుర్రాడు బిగించినా, ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ కూర్చుకునే విద్యార్థి బిగించినా డై భద్రంగా ఉండాలి. సాకెట్‌లోని ఉక్కు చట్రం ప్రాసెసర్‌ను నొక్కిపట్టేది కూడా మూత అంచుల మీదే. రకరకాల డైలున్న ప్రాసెసర్లన్నింటికీ ఒకే ఎత్తు ఉండేలా చూసేదీ మూతే. దానివల్లే ఒక కూలర్ అన్నింటికీ సరిపోతుంది. వేడిని పంచడం విషయానికొస్తే, చిన్న మంట మీద పలచటి పెనం పెడితే నడుమ మాడి అంచులు పచ్చిగా ఉంటాయి, మందపాటి పెనమైతే అట్టు అంతటా సమంగా కాలుతుంది. మూత చేసేది కూడా అదే. డై మీది వేడిని తనంత వెడల్పుకు పరిచి హీట్‌సింక్‌కు అప్పగిస్తుంది.

ల్యాప్‌టాప్‌లలో, గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావరకు ఈ మూత ఉండనే ఉండదు. హీట్‌సింక్‌ను ఫ్యాక్టరీలోనే, కొలిచిన ఒత్తిడితో, నేరుగా డై మీద బిగిస్తారు. ల్యాప్‌టాప్ వాడేవారిలో చాలామంది తమకు తెలియకుండానే మూతలేని ప్రాసెసర్లు వాడుతున్నారన్నమాట. బిగించే చెయ్యి తయారీదారుదే అయినప్పుడు కవచం అవసరం లేదు.

2012లో ఏం జరిగింది

3770కెకు ముందు తరం, అంటే 2011 జనవరిలో వచ్చిన శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో, డైకీ మూతకీ మధ్య ఇండియంతో టంకం వేసేవారు. లోహానికి లోహం అతుక్కుపోయేది. ఐవీ బ్రిడ్జ్ అనే పేరుతో వచ్చిన 3770కె తరంలో ఇంటెల్ ఆ టంకం మానేసి థర్మల్ పేస్ట్ పెట్టింది. ప్యాకెట్ మీద ఆ సంగతి ఎక్కడా లేదు. పరీక్షించినవారికి కనిపించింది ఒక్కటే: 32 నానోమీటర్ల నుంచి 22 నానోమీటర్లకు కుదించిన కొత్త ప్రాసెసర్ తక్కువ విద్యుత్తు తాగుతోంది, కానీ వేగం పెంచగానే పాతదానికన్నా ఎక్కువ వేడెక్కుతోంది.

మొదట్లో అందరూ డై సైజునే తప్పుపట్టారు. 216 చదరపు మిల్లీమీటర్ల నుంచి 160కి తగ్గింది కాబట్టి వేడి చిక్కబడిందన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ 2012 మే నెలలో జపాన్‌కు చెందిన పీసీ వాచ్ పత్రిక 3770కె మూత ఊడదీసి, లోపలి పేస్ట్ స్థానంలో మేలైనది పెట్టి, మూతను మళ్ళీ అమర్చి చూసింది. ఓవర్‌క్లాక్ చేసినప్పుడు ఉష్ణోగ్రత రెండంకెల్లో పడిపోయింది. డై అదే, మూత అదే, హీట్‌సింక్ అదే. మారింది మధ్యలో ఉన్న పలచటి పొర ఒక్కటే.

అప్పుడు నింద ఇంటెల్ వాడిన పేస్ట్ మీదికి మళ్ళింది. చౌక పేస్ట్ వాడారన్న మాట ఈనాటికీ వినిపిస్తుంది. తర్వాత జరిగిన ఓపికైన పరీక్షల్లో తేలింది వేరు. మూత అంచులను ఆకుపచ్చ సర్క్యూట్ పలకకు అతికించిన నల్లటి సిలికోన్ జిగురు మందంగా ఉంది. ఆ మందం మూతను కాస్త పైకెత్తి ఉంచుతోంది. ఫలితంగా డైకీ మూతకీ మధ్య ఉండాల్సినదానికన్నా ఎక్కువ సందు ఏర్పడి, దాన్ని పేస్ట్ నింపుతోంది. జిగురు గీకేసి మూతను ఊరికే పైన పెట్టి నొక్కితే చాలు, మామూలు పేస్ట్‌తోనే లాభంలో పెద్ద వాటా దక్కుతోంది.

చిన్న లెక్క వేస్తే ఇది తేటపడుతుంది. పేస్ట్ ఉష్ణవాహకత 4 అనుకుందాం, సందు మిల్లీమీటరులో పదో వంతు అనుకుందాం. 160 చదరపు మిల్లీమీటర్ల డై మీదుగా 77 వాట్లు పోతుంటే ఆ ఒక్క పొర దగ్గరే 12 డిగ్రీలు పేరుకుంటాయి. ఓవర్‌క్లాక్ చేసి 130 వాట్లకు తెస్తే 20 డిగ్రీలు. అదే పేస్ట్‌ను ఉంచి సందును మూడో వంతుకు తగ్గిస్తే 20 డిగ్రీలు కాస్తా ఆరు, ఏడుకు దిగుతాయి. పేస్ట్ మార్చి, దానికన్నా మూడు రెట్లు మంచిది అదే మందపు సందులో నింపినా ఫలితం అంతే. మందానికీ వాహకతకూ ఈ లెక్కలో సమానమైన బరువు ఉంది. డబ్బా మీద వాహకత రాస్తారు కాబట్టి కొనేవాడి కన్ను దానిమీదే పడుతుంది. సందు మందం ఎవరూ రాయరు.

టంకం మానడానికి కారణాలు ఊహించడం కష్టం కాదు. ఇండియం టంకం సిలికాన్‌కు నేరుగా అంటుకోదు. డై మీద ముందుగా కొన్ని లోహపు పూతలు వేయాలి, వాటిలో బంగారం కూడా ఉంటుంది. ఖర్చు, పని రెండూ పెరుగుతాయి. రెండోది వ్యాకోచం. వేడెక్కినప్పుడు రాగి సిలికాన్‌కన్నా ఆరు రెట్లకు పైగా ఎక్కువ సాగుతుంది. రోజూ వేడెక్కి చల్లారే ప్రాసెసర్‌లో ఈ తేడా అంతా మధ్యలోని ఇండియం భరించాలి. ఏళ్ళు గడిచేకొద్దీ డై మూలల దగ్గర టంకంలో పగుళ్ళు రావచ్చు. డై చిన్నదయ్యేకొద్దీ ఆ పగుళ్ళ ప్రభావం పెరుగుతుందన్నది ఒక వాదన.

ఈ వాదనను పూర్తిగా నమ్మడం కష్టం. 2017లో ఇంటెల్ స్కైలేక్-ఎక్స్ వరసలో అమ్మిన కోర్ ఐ9-7900ఎక్స్ వెల 999 డాలర్లు, డై 300 చదరపు మిల్లీమీటర్లకు మించినది. చిన్న డై సమస్య అక్కడ లేదు, అయినా దానిలోనూ పేస్టే. ఏడాది తర్వాత, 2018 అక్టోబరులో, అంతకన్నా చిన్న డై ఉన్న కోర్ ఐ9-9900కెలో టంకాన్ని తిరిగి తెచ్చారు. పోటీగా ఏఎండీ 2017 నుంచి రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటిని టంకంతోనే అమ్ముతూ వచ్చింది. భౌతికశాస్త్రంతో పాటు ఖర్చు లెక్కా, పోటీ లెక్కా ఈ నిర్ణయాల్లో ఉన్నాయనుకోవడమే సబబు.

మధ్యలో ఒక ప్రయత్నం జరిగింది. 2014 జూన్‌లో వచ్చిన కోర్ ఐ7-4790కెలో మెరుగైన పాలిమర్ పదార్థం వాడామని ఇంటెల్ ప్రకటించింది. కొంత తేడా కనిపించినా మూత తీసి మార్చినంత లాభం రాలేదు. 2017లో కోర్ ఐ7-7700కె ఉష్ణోగ్రత ఉన్నట్టుండి ఎగిరిపడుతోందని వినియోగదారులు ఫిర్యాదు చేసినప్పుడు, నిర్దేశించిన వేగాన్ని దాటవద్దనీ మూత తొలగించవద్దనీ కంపెనీ సలహా ఇచ్చింది. వేగం పెంచుకోవడానికి వీలుగా తాళం తీసి, దానికోసమే ఎక్కువ ధర తీసుకుని అమ్మే ప్రాసెసర్ విషయంలో ఆ సలహా కొన్నవారికి రుచించలేదు.

ఊడదీసే పద్ధతులు

తొలినాళ్ళలో సాధనం షేవింగ్ బ్లేడే. మూత అంచు కిందికి బ్లేడును మెల్లగా దూర్చి నాలుగువైపులా జిగురు కోయాలి. చెయ్యి ఒక మిల్లీమీటరు ఎక్కువ లోపలికి వెళ్తే డై గీసుకుపోతుంది, కిందికి వంగితే సర్క్యూట్ పలకలోని సన్నటి రాగి దారులు తెగుతాయి. రెండో పద్ధతి ఇంకా మోటుది. మూత అంచులను బెంచ్ వైస్ దవడల మధ్య బిగించి, కింది పలక అంచుకు చెక్క ముక్క ఆనించి సుత్తితో కొట్టేవారు. వినడానికి భయంకరంగా ఉన్నా దీనిలో బ్లేడు డై దగ్గరికే పోదు, జిగురు పక్కకు కోసుకుపోయి ప్రాసెసర్ ఊడి పడుతుంది. ఊడిపడిన ప్రాసెసర్‌ను పట్టుకోవడానికి ముందు ఒక మెత్తటి గుడ్డ పరిచేవారు.

2015లో వచ్చిన స్కైలేక్ ప్రాసెసర్లలో సర్క్యూట్ పలక మునుపటికన్నా పలచన కావడంతో ఈ రెండు పద్ధతులూ ప్రమాదకరమయ్యాయి. డెర్‌బావర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన జర్మన్ ఓవర్‌క్లాకర్ రోమన్ హార్టుంగ్ 2016లో డీలిడ్ డై మేట్ అనే సాధనాన్ని తెచ్చాడు. ప్రాసెసర్ కింది పలకను ఒక గాడిలో కదలకుండా కూర్చోబెట్టి, మరను తిప్పుతూ మూతను ఒక పక్కకు సమంగా తోయడం దీని సూత్రం. నిలువుగా లాగితే గట్టిగా పట్టుకునే జిగురు, అడ్డంగా తోస్తే సులువుగా వదిలేస్తుంది. ఆ తర్వాత ఇలాంటి సాధనాలు చాలా వచ్చాయి. మూత తీసి, పరీక్షించి, మళ్ళీ అతికించిన ప్రాసెసర్లను అమ్మే వ్యాపారాలు కూడా నడిచాయి. అమెరికాలోని సిలికాన్ లాటరీ ఈ పనికి పేరుపొంది 2021లో మూతపడింది.

మూత ఊడాక మిగిలేది ఓపిక పని. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పలక మీదా మూత అంచు మీదా అంటుకున్న జిగురును ప్లాస్టిక్ కార్డుతో గీకాలి, లోహంతో కాదు. హాస్వెల్ వంటి కొన్ని ప్రాసెసర్లలో డై పక్కనే చిన్న చిన్న విద్యుత్ భాగాలు బయటికి ఉంటాయి. వాటిమీద నెయిల్ పాలిష్‌తోనో, వేడిని తట్టుకునే ఇన్సులేషన్ టేపుతోనో కప్పు వేయాలి. ఆ తర్వాత కొత్త పదార్థాన్ని పలచగా పూసి, మూత మూలల్లో నాలుగు చుక్కల సిలికోన్ పెట్టి, సాకెట్‌లోనే బిగించి ఆరనిస్తారు. చుట్టూ జిగురు నిండుగా వేయరు. లోపలి గాలి వేడికి వ్యాకోచించినప్పుడు బయటికి పోయే దారి ఉండాలి. ఫ్యాక్టరీ జిగురులోనూ ఆ సందు వదులుతారు.

ద్రవ లోహం

మూత కింద పెట్టడానికి చాలామంది ఎంచుకునేది ద్రవ లోహం. గాలియం, ఇండియం, తగరం కలిపిన మిశ్రమం ఇది. గాలియం ఒంటరిగా 29.8 డిగ్రీల వద్ద, ఇండియం 156.6 డిగ్రీల వద్ద, తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతాయి. మూడూ సరైన పాళ్ళలో కలిసినప్పుడు కరిగే ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతకు బాగా దిగువకు పడిపోతుంది, గడ్డకట్టకుండా పాదరసంలా మెరుస్తూ ఉంటుంది. పాదరసంలా విషం మాత్రం కాదు. ఉష్ణవాహకత మామూలు పేస్ట్‌కు కొన్ని రెట్లు. అంతకన్నా ముఖ్యం, అది చాలా పలచటి పొరగా పరుచుకుంటుంది. ఇంతకుముందు వేసిన లెక్కలోనే వాహకత 20, సందు మిల్లీమీటరులో వందో వంతులు మూడు అనుకుంటే, 130 వాట్ల దగ్గర కూడా ఆ పొర ఖాతాలో పడేది ఒక డిగ్రీ చిల్లర.

దీని గుణాలే దీని దోషాలు. ఇది విద్యుత్తును కూడా మోస్తుంది, కాబట్టి ఒక్క బొట్టు మదర్‌బోర్డు మీద జారితే షార్ట్ సర్క్యూట్. పూసేటప్పుడు చిన్న బొట్టుతో మొదలుపెట్టి, దూది పుల్లతో రుద్దుతూ ముఖమంతా తడిసేలా చేయాలి. పేస్ట్‌లా పిండి నొక్కేస్తే పక్కలకు పొంగుతుంది. అల్యూమినియంకు ఇది బద్ధశత్రువు. గాలియం అల్యూమినియం రేణువుల మధ్యకు పాకి దాని బలాన్ని పీల్చేస్తుంది, అల్యూమినియం అడుగున్న హీట్‌సింక్ చేత్తో విరిచేంత పెళుసవుతుంది. పూతలేని రాగిలోకి కూడా గాలియం మెల్లగా ఇంకుతుంది. రాగి మీద బూడిదరంగు మచ్చ పడి, పొర కొంత ఎండినట్టవుతుంది, మరోసారి పూయాల్సి రావచ్చు. నికెల్ పూత ఉన్న రాగి మీద ఈ బాధ తక్కువ. ప్రాసెసర్ మూతల మీద నికెల్ ఉండటం ఇక్కడ అనుకోకుండా కలిసొచ్చింది.

ఒకప్పుడు ఔత్సాహికుల సరంజామాగా ఉన్న ఈ పదార్థం తర్వాత ఫ్యాక్టరీల్లోకి వచ్చింది. సోనీ 2020 నవంబరులో విడుదల చేసిన ప్లేస్టేషన్ 5లో ప్రధాన చిప్ మీద ద్రవ లోహమే ఉంది. అది పక్కలకు కారకుండా చుట్టూ కట్ట కట్టారు. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలోనూ ఇప్పుడు వాడుతున్నారు.

టంకం తిరిగి వచ్చాక

9900కెతో టంకం తిరిగి రావడంతో డీలిడ్డింగ్‌కు కాలం చెల్లిందనుకున్నారు. మూత తీసి ద్రవ లోహం పెట్టినా తగ్గింది పది డిగ్రీల లోపే. కానీ ఆ పరీక్షల్లో ఇంకో సంగతి బయటపడింది. ఆ ప్రాసెసర్ డై ముందు తరం కన్నా మందంగా ఉంది. ట్రాన్సిస్టర్లు డై అడుగువైపు ఉంటాయి, వాటి వేడి పైన ఉన్న సిలికాన్ మందాన్నంతా దాటుకుని మూతను చేరాలి. డై వెనుకభాగాన్ని అరగదీసి పలచన చేసినవారికి ఇంకొన్ని డిగ్రీలు దక్కాయి. 2020లో వచ్చిన కోర్ ఐ9-10900కెలో ఇంటెల్ తానే డై మందాన్ని 0.8 మిల్లీమీటర్ల నుంచి 0.5కు తగ్గించి, ఆ మేరకు రాగి మూతను మందం చేసింది. సుమారు 200 చదరపు మిల్లీమీటర్ల డై మీదుగా 200 వాట్లు పోతున్నప్పుడు తీసేసిన 0.3 మిల్లీమీటర్ల సిలికాన్ వల్ల మిగిలేది రెండు మూడు డిగ్రీలు. పేస్ట్ సందు చేసిన చేటు ముందు ఇది చిన్నదే, అయినా ఫ్యాక్టరీలో ఉచితంగా వచ్చే డిగ్రీలను ఎవరూ వదులుకోరు.

టంకం వేసిన మూతను ఊడదీయడం వేరే విద్య. జిగురు కోస్తే సరిపోదు, ఇండియం పట్టు కూడా విడిపించాలి. ప్రాసెసర్‌ను ఇండియం కరిగేదాకా వేడి చేయడం ఒక దారి. ఇండియం చాలా మెత్తన కాబట్టి, సాధనంలో బిగించి మూతను అటూ ఇటూ కొద్దికొద్దిగా పదేపదే కదిలిస్తూ దాన్ని అలసిపోయేలా చేయడం ఇంకో దారి. తొందరపడి బలం ప్రయోగిస్తే టంకంతో పాటు సిలికాన్ కూడా లేచి వస్తుంది.

2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎండీ రైజెన్ 7000 వరసతో విషయం మరో మలుపు తిరిగింది. వీటిలో టంకం ఉంది, మూత కింద పేస్ట్ సందు లేదు. అయినా పూర్తి పనిలో ఉష్ణోగ్రత సూటిగా 95 డిగ్రీలకు చేరేది. కారణాలు రెండు. ఒకటి, కోర్లు ఉండే డై ఒక్కొక్కటి 70 చదరపు మిల్లీమీటర్ల చిన్న ముక్క, అదీ మూత నడిమధ్యన కాకుండా ఒక అంచుకు దగ్గరగా ఉంటుంది. రెండు, మూత చాలా మందం. పాత ఏఎమ్4 సాకెట్‌కు కొన్న కూలర్లు కొత్త ఏఎమ్5 సాకెట్‌కు కూడా సరిపోవాలని ఏఎండీ అనుకుంది. అందుకు ప్రాసెసర్ ఎత్తు మునుపటిలా ఉండాలి, ఆ లోటు మూత మందంతో పూడ్చింది. కూలర్ మళ్ళీ కొనక్కర్లేకుండా చేసిన ఆ మేలు వేడి రూపంలో కొంత ఖరీదు కట్టించుకుంది.

డెర్‌బావర్ రైజెన్ 9 7900ఎక్స్ మూత తీసేసి, నీటితో చల్లబరిచే బ్లాకును ద్రవ లోహంతో నేరుగా డైల మీద ఆనించినప్పుడు దాదాపు 20 డిగ్రీలు తగ్గాయి. మూతను తీయకుండా పైన అరగదీసి పలచన చేసినా కొన్ని డిగ్రీలు కలిసొచ్చాయి. అయితే ఆ 20 డిగ్రీల నేరమంతా మూత మందానిదే అనడం సరికాదు. మూత పోతే దానికి పైనా కిందా ఉన్న రెండు అతుకులకు బదులు ఒకటే మిగులుతుంది, అదీ ద్రవ లోహం. లాభంలో ఆ అతుకుల వాటా పెద్దదే. పైగా ఈ తరం ప్రాసెసర్ 95 డిగ్రీలను ప్రమాద సూచనగా కాక, అందుకోవాల్సిన హద్దుగా చూస్తుంది. వేడికి చోటున్నంతసేపూ వేగం పెంచుకుంటూ పోతుంది. అందువల్ల మంచి కూలర్ పెట్టినా అంకె 95 దగ్గరే ఉండి వేగం కొంచెం పెరగవచ్చు.

మూత లేకుండా నేరుగా డై మీద బిగించడానికి అదనపు ఏర్పాట్లు కావాలి. సాకెట్ చట్రం నొక్కిపట్టేది మూత అంచులనే కాబట్టి, అది పోయాక ప్రాసెసర్‌ను పట్టుకునే వేరే చట్రం అమర్చాలి. మూత మందం మేరకు హీట్‌సింక్ కిందికి దిగాలి. ఒత్తిడి నాలుగువైపులా సమంగా ఉండాలి. లేకపోతే 2000 నాటి అథ్లాన్‌లకు పట్టిన గతే.

ఎవరికి ఉపయోగం

మూత తీయడం వల్ల వచ్చే వేగం లాభం సాధారణంగా కొద్దిపాటిదే. వందో రెండు వందలో మెగాహెర్ట్జ్ పెరగడం గొప్ప. ఉష్ణోగ్రత తగ్గితే ట్రాన్సిస్టర్లలో ఊరికే కారిపోయే విద్యుత్తు కూడా తగ్గుతుంది, ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి శబ్దం తగ్గుతుంది. చిన్న పెట్టెలో కంప్యూటర్ అమర్చుకునేవారికి ఇదే అసలు ఉపయోగం. బదులుగా వారంటీ పోతుంది, చెయ్యి తప్పితే ప్రాసెసరే పోతుంది.

ఇంట్లో పాత డెస్క్‌టాప్ వేడెక్కుతోందంటే మాత్రం అనుమానించాల్సింది మూతను కాదు. హీట్‌సింక్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము, ఎండిపోయిన పై పేస్ట్, వదులైన క్లిప్పు, గాలి ఆడని మూలలో పెట్టిన పెట్టె, ఇవి ముందు చూసుకోవాలి. బ్రష్షూ కొత్త పేస్టూ చాలినచోట బ్లేడు పట్టడం అనవసరం. మూత తీయకుండానే సరిదిద్దే లోపాలూ కొన్ని ఉన్నాయి. ఇంటెల్ 2021లో తెచ్చిన పొడవాటి ఎల్జీఏ 1700 ప్రాసెసర్లలో సాకెట్ చట్రం రెండు పక్కల మాత్రమే నొక్కడంతో మూత నడుమ కాస్త వంగి, హీట్‌సింక్‌తో పూర్తిగా ఆనడం లేదని తేలింది. అంచులన్నింటినీ సమంగా నొక్కే చట్రం విడిగా కొని మార్చుకుంటే కొన్ని డిగ్రీలు తగ్గాయి.

ఏ మూతా, ఏ పేస్టూ బాధ్యత వహించని వేడి మరొకటి ఉంది. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ అమ్మిన రైజెన్ 7 5800ఎక్స్3డిలో అదనపు కాష్ మెమొరీని కోర్ల డై పైన పేర్చారు. ఆటల్లో వేగం బాగా పెరిగింది, కానీ కోర్ల వేడి ఆ పై అంతస్తు గుండా పోవాల్సి వచ్చింది. దాని వేగం తగ్గించి, ఓవర్‌క్లాకింగ్‌కు తాళం వేసి అమ్మారు. అక్కడ మూత తీసినా మధ్యలోని సిలికాన్ అంతస్తు తొలగదు. 2024 నవంబరులో వచ్చిన రైజెన్ 7 9800ఎక్స్3డిలో ఆ పేర్పును తిరగేశారు. కాష్ కిందికి పోయింది, కోర్లు మూతకు దగ్గరగా పైకి వచ్చాయి. ముందు తరం 7800ఎక్స్3డిలో 4.2 గిగాహెర్ట్జ్ ఉన్న ప్రాథమిక వేగం 4.7కు పెరిగింది, ఓవర్‌క్లాకింగ్ తాళమూ తీశారు.